ఫుల్ స్టాక్ దారి: బోర్డులు చదవడం ఆపి పాల లెక్క మొదలుపెట్టడం

అమీర్‌పేటలో మెట్రో దిగి మైత్రీవనం పక్క సందుల్లో, ఆదిత్య ఎన్‌క్లేవ్ చుట్టూ ఒక రౌండు వేస్తే చాలు, ఫుల్ స్టాక్ అంటే ఏంటో తెలియకపోయినా అందులో ఎన్ని రకాలున్నాయో మాత్రం తెలిసిపోతుంది. (సైట్‌లో కనపడే పేజీ, వెనక సర్వర్, డేటాబేస్, అన్నీ ఒక్కరే కట్టగలగడమే ఫుల్ స్టాక్.) ఫుల్ స్టాక్ జావా, ఫుల్ స్టాక్ పైథాన్, ఫుల్ స్టాక్ డాట్ నెట్, మెర్న్ స్టాక్, మీన్ స్టాక్, ఈ మధ్య ప్రతి దాని చివరా ‘విత్ ఏఐ’ అని ఒక తోక. ఒకప్పుడు అవే గోడల మీద మెయిన్‌ఫ్రేమ్స్, తర్వాత శాప్, టెస్టింగ్ టూల్స్, హడూప్ ఉండేవి. ఫ్లెక్సీ మారుతుంది, కింద జిరాక్స్ షాపు అదే.

బోర్డుల్లో తప్పేం లేదు గానీ అక్కడ నిలబడ్డ బీటెక్ ఫైనలియర్ కుర్రాడికో, పెళ్ళయ్యాక నాలుగేళ్ళు గ్యాప్ వచ్చి మళ్ళీ ఉద్యోగం చూసుకుంటున్న అమ్మాయికో తెలియాల్సింది వేరే. రేపు పొద్దున కూర్చుని ఏం తెరవాలి, ఏది ఇప్పుడు అసలు ముట్టుకోకూడదు. నెట్‌లో తిరిగే రోడ్‌మ్యాప్ బొమ్మలు ఉన్నాయి కదా, రంగురంగుల డబ్బాలు, డబ్బాకీ డబ్బాకీ గీతలు, అవి చూస్తే ధైర్యం రావాల్సింది పోయి ఉన్నది కూడా పోతుంది. ఎంజీబీఎస్‌లో ప్లాట్‌ఫారం బోర్డులన్నీ బట్టీ పట్టినంత మాత్రాన ఖమ్మం చేరం, ఒక బస్సు ఎక్కాలి, మధ్యలో దిగకుండా కూర్చోవాలి.

అసలు ఈ గందరగోళం ఎక్కడ మొదలైందో చూస్తే సగం భయం పోతుంది. 2000ల మొదట్లో లైనక్స్, అపాచీ, మైఎస్‌క్యూఎల్, పీహెచ్‌పీ, ఈ నాలుగూ కలిపి ల్యాంప్ అనేవాళ్ళు, ఒక్క మనిషే పేజీ గీసేవాడు, సర్వర్ కోడ్ రాసేవాడు, డేటాబేస్ చూసుకునేవాడు, రాత్రి సైట్ పడిపోతే లేచి లేపేవాడు కూడా వాడే. అప్పుడు వాడిని వెబ్ డెవలపర్ అనేవాళ్ళు అంతే. తర్వాత 2006లో జేక్వెరీ, 2009లో నోడ్ (జావాస్క్రిప్ట్‌ని సర్వర్‌లో నడిపేది), 2010లో యాంగులర్ జేఎస్, 2013లో రియాక్ట్, 2014లో వ్యూ, ఇలా జావాస్క్రిప్ట్ టూల్స్ ఒక్కోటే వచ్చి, బ్రౌజర్ వైపు పని పెరిగి పెరిగి కంటికి కనపడే వైపు, అంటే ఫ్రంటెండ్, సొంతంగా ఒక ఉద్యోగం అయ్యింది, వెనక సర్వర్ వైపు, అంటే బ్యాకెండ్, ఇంకోటి అయ్యింది. మళ్ళీ రెండూ ఒక్కడే చేస్తే బాగుండు అని కంపెనీలకి అనిపించింది, కానీ ఈసారి రెండు వైపులా సామాను పదింతలు. అందుకే ఇప్పుడు ఫుల్ స్టాక్ అనేసరికి అంత పెద్ద లిస్టు.

ఈ లిస్టులో అన్నీ ఒకే వయసువి కావు, దారి దొరికేది ఇక్కడే. డేటాబేస్‌తో మాట్లాడే భాష ఎస్‌క్యూఎల్, దానికి మూలమైన రిలేషనల్ మోడల్ (డేటాని టేబుల్స్‌గా పెట్టడం) మీద ఎడ్గర్ కాడ్ పేపర్ వచ్చింది 1970లో, ఎస్‌క్యూఎల్ అన్సీ (అమెరికా ప్రమాణాల సంస్థ) స్టాండర్డ్ అయ్యింది 1986లో. పేజీ రాసే హెచ్‌టీఎంఎల్, దాన్ని నెట్‌లో పంపించే పద్ధతి హెచ్‌టీటీపీ 90ల మొదట్లో టిమ్ బెర్నర్స్ లీ చేతుల మీదుగా వచ్చినవి. జావాస్క్రిప్ట్‌ని 1995 మేలో నెట్‌స్కేప్‌లో బ్రెండన్ ఐక్ పది రోజుల్లో రాశాడు (ఆ పది రోజుల తొందర ఫలితం ఇప్పటికీ అనుభవిస్తూనే ఉన్నాం అనుకోండి). పేజీ రూపం దిద్దే సీఎస్‌ఎస్ మొదటి వెర్షన్ 1996 డిసెంబర్. ఇవి ఇన్నేళ్ళుగా పెరిగాయే గానీ పాతవి పనికిరాకుండా పోలేదు. వీటి మీద కట్టిన ఫ్రేమ్‌వర్క్‌లు (యాప్ కట్టడానికి ముందే సిద్ధం చేసి ఇచ్చే కోడ్ చట్రాలు), అంటే పై అంతస్తు సంగతి అలా కాదు. 2010లో వచ్చిన యాంగులర్ జేఎస్‌ని నమ్ముకుని కూర్చుంటే 2016లో యాంగులర్ 2 అని పూర్తిగా వేరే దాన్ని తెచ్చారు, పాతదానికి 2021 చివరితో సపోర్టే ఆపేశారు. రియాక్ట్‌లో 2019 ఫిబ్రవరి దాకా క్లాసులనే పద్ధతిలో కోడ్ రాసి రాసి అలవాటైన వాళ్ళు హుక్స్ అనే కొత్త పద్ధతి వచ్చాక మళ్ళీ మొదటి నుంచి అలవాటు చేసుకున్నారు. క్రియేట్ రియాక్ట్ యాప్ అనే టూల్‌తో మొదలవ్వని ట్యుటోరియల్ ఉండేది కాదు ఒకప్పుడు, 2025 ఫిబ్రవరిలో రియాక్ట్ టీమే కొత్త యాప్‌లకి దాన్ని వాడొద్దని చెప్పేసింది. అంటే మూడేళ్ళ కిందటి వీడియో చూస్తూ కూర్చుంటే మొదటి కమాండ్ దగ్గరే చిక్కు.

కాబట్టి సమయం ఎక్కడ పెట్టాలంటే కింద అంతస్తుల్లో. కానీ చాలా కోర్సుల్లో హెచ్‌టీఎంఎల్, సీఎస్‌ఎస్ రెండు వారాల్లో లాగించేసి, ఎస్‌క్యూఎల్ చివర్లో టైం ఉంటే చెప్పి, నడుమ మూడు నెలలు ఫ్రేమ్‌వర్క్ చెప్తారు, ఎందుకంటే ఫ్లెక్సీ మీద పేరు దానిది.

సరే, కింది నుంచి నేర్చుకోవాలి అన్నా మళ్ళీ ఒక్కోటి విడివిడిగా పుస్తకంలా చదివితే పని జరగదు. వీడియో చూస్తూ పక్కన టైప్ చేస్తుంటే అన్నీ వచ్చేసినట్టే ఉంటుంది, వీడియో ఆపి ఖాళీ ఫైల్ తెరిస్తే చెయ్యి ఆడదు. గట్టు మీద కూర్చుని ఈత చూడటం లాంటిది ఇది. దీనికి మందు, ఒక చిన్న యాప్ పట్టుకుని దాన్ని మొదటి రోజు నుంచి చివరి దాకా లాక్కెళ్ళడం. ఈ-కామర్స్ క్లోన్, హోటల్ మేనేజ్‌మెంట్, అలాంటివి వద్దు, ఎందుకంటే అవి చేసేవాళ్ళకి ఆ వ్యాపారం తెలియదు, వీడియోలో ఏది ఉంటే అదే రైటు అనుకుంటారు. తెలిసిన లెక్క కావాలి. ఉదాహరణకి వీధిలో పాలు పోసే ఆయన పుస్తకం. నలభై ఇళ్ళు, కొందరికి అర లీటరు, కొందరికి లీటరు, ఊరెళ్తే నాగా, నెలాఖరుకి బిల్లు. ఇంతకంటే చిన్న యాప్ ఉండదు అనిపిస్తుంది, కానీ ఫుల్ స్టాక్‌లో ఉన్న తలనొప్పులన్నీ దీంట్లోనే ఉన్నాయి.

మొదట ఒక్క పేజీ. ఇంటి నంబరు, తేదీ, ఎంత పోశారు, సేవ్ బటన్. ఉత్త హెచ్‌టీఎంఎల్. దాన్ని ఫోన్‌లో తెరిస్తే అక్షరాలు చీమల్లా కనపడతాయి, చీకట్లో సైకిల్ పక్కన నిలబడి తడి చేత్తో నొక్కాల్సిన బటన్ అది, అంటే పెద్దగా ఉండాలి, వెడల్పుగా ఉండాలి. అప్పుడు సీఎస్‌ఎస్ కావాలి, అది కూడా ఫ్లెక్స్‌బాక్స్ (పేజీలో ముక్కల్ని వరసగా అమర్చేది) వరకూ, మొబైల్ వెడల్పు వరకూ చాలు, యానిమేషన్లు ఎవడికి కావాలి. తర్వాత నొక్కగానే కింద లెక్క కనపడాలి, మొత్తం కూడాలి, అందుకు జావాస్క్రిప్ట్. ఇక్కడ మొదటి దెబ్బ తగులుతుంది: జావాస్క్రిప్ట్‌లో 0.1కి 0.2 కలిపితే 0.3 రాదు, 0.30000000000000004 వస్తుంది. కంప్యూటర్ దశాంశాల్ని బైనరీలో దాచుకోవడం వల్ల వచ్చే తేడా ఇది, మిగతా చాలా భాషల్లోనూ ఉంటుంది. పుస్తకంలో చదివితే ఓహో అనుకుని మర్చిపోతారు, పాల బిల్లులో వస్తే మర్చిపోరు, లీటర్లని మిల్లీలీటర్లుగా, రూపాయల్ని పైసలుగా మార్చి పూర్ణాంకాల్లో దాచాలని అప్పుడు తెలుస్తుంది.

పేజీ రిఫ్రెష్ చేస్తే లెక్కంతా పోతుంది. సర్వర్, డేటాబేస్ ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు ఇదే, కావాలంటే రెండు గంటల థియరీ క్లాసులో కూడా ఇదే చెప్తారు. ఇప్పుడు బటన్ నొక్కితే బ్రౌజర్ నుంచి ఒక రిక్వెస్ట్ బయల్దేరాలి, సర్వర్ అందుకోవాలి, టేబుల్‌లో రాయాలి, సరే రాశాను అని జవాబు వెనక్కి రావాలి. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఈ ప్రయాణాన్ని రోజూ ఒకసారి చూసేవాడికి, ఎప్పుడూ చూడని వాడికి మధ్య తేడా ఆరు నెలల తర్వాత స్పష్టంగా తెలిసిపోతుంది. 404 అంటే అడ్రస్ తప్పు, 400 అంటే పంపింది తప్పు, 500 అంటే అవతల సర్వర్‌లో ఏదో పేలింది, ఈ మూడు తేడాలు తెలిస్తే ఎర్రర్ వచ్చినప్పుడు ఏ ఫైల్ తెరవాలో తెలిసినట్టే.

ఈ దశలోనే అందరి నోటా వచ్చే డైలాగ్ ఒకటుంది, ‘పోస్ట్‌మన్‌లో పని చేస్తోంది, బ్రౌజర్‌లో చెయ్యట్లేదు’ అని. పోస్ట్‌మన్ అంటే సర్వర్‌కి రిక్వెస్ట్ నేరుగా పంపి చూసుకునే టూల్. ఫ్రంటెండ్ ఒక పోర్టులో (ఒకే కంప్యూటర్‌లో ఒక్కో ప్రోగ్రాముకి ఉండే తలుపు నంబరు), సర్వర్ ఇంకో పోర్టులో, జావా వాళ్ళ స్ప్రింగ్ బూట్ అయితే 8080లో నడుస్తుంటాయి, పోర్టు మారితే బ్రౌజర్ దృష్టిలో అది వేరే సైటు, ఒక సైటు జవాబుని ఇంకో సైటు చదవాలంటే అవతలి సర్వర్ అనుమతి ఇవ్వాలి. కార్స్ అనేది ఇదే. అది బ్రౌజర్ పెట్టుకున్న రూలు, పోస్ట్‌మన్ బ్రౌజర్ కాదు కాబట్టి దానికి ఆ పట్టింపు లేదు. ఇది అర్థం కాక నెట్‌లో దొరికిన ఒక లైన్ అతికించి అందరికీ అనుమతి ఇచ్చేసి ముందుకెళ్ళిపోయేవాళ్ళే ఎక్కువ. ఒక పూట ఆగి దీన్ని విప్పి చూసుకుంటే, తర్వాత కుకీలు, లాగిన్ వచ్చినప్పుడు సగం తేలికవుతుంది.

డేటాబేస్ దగ్గర మాత్రం నెమ్మదిగా వెళ్ళాలి, ఇక్కడ తొందరపడితే పైన ఏం కట్టినా ఊగుతుంది. పాల లెక్కకి మొదట తోచేది రెండు టేబుల్స్, ఇళ్ళు ఒకటి, పోసిన పాలు ఒకటి, లీటరు ధర ఎక్కడో ఒక చోట. నెల మధ్యలో 15వ తారీఖున ధర రెండు రూపాయలు పెరిగింది అనుకుందాం. ఆ ఒక్క చోట ధర మార్చగానే 1 నుంచి 14 దాకా పోసిన పాల లెక్క కూడా కొత్త ధరకి మారిపోతుంది, అంతకు ముందు నెల బిల్లు కూడా మారిపోతుంది, డబ్బులు కట్టేసిన వాళ్ళు బాకీ ఉన్నట్టు కనపడతారు. అప్పుడు ధరలకి వేరే టేబుల్, ఏ తేదీ నుంచి ఈ ధర అని ఒక కాలమ్, లేదా పోసిన రోజు ధరని ఆ రోజు వరసలోనే రాసి పెట్టుకోవడం. ఈ రెండిట్లో ఏది మేలు అని అరగంట ఆలోచించినవాడు డేటాబేస్ డిజైన్ నేర్చుకున్నట్టే, నార్మలైజేషన్ (ఒకే సమాచారం పలు చోట్ల రాయకుండా టేబుల్స్ విడగొట్టడం) నిర్వచనం అప్పజెప్పలేకపోయినా.

ఇంకోటి. సిగ్నల్ సరిగ్గా లేని చోట సేవ్ నొక్కితే ఏం కదల్లేదని ఇంకోసారి నొక్కుతారు, ఎవరైనా అంతే, దాంతో ఒకే ఇంటికి రెండు లీటర్లు పడతాయి. బటన్‌ని ఆపడం ఫ్రంటెండ్ మందు, అది పైపూత. అసలు మందు డేటాబేస్‌లో, ఒక ఇల్లు, ఒక తేదీ కలిపి రెండోసారి రాకుండా యూనిక్ అని పెట్టడం. పెట్టాక సాయంత్రం పాలు పోయించుకునే ఇల్లు ఒకటి తగిలి యాప్ ఎర్రర్ ఇస్తుంది, అప్పుడు పూట అనే కాలమ్ కూడా కలపాలి. ఇలాంటివి ఏ సిలబస్‌లోనూ ఉండవు, లెక్క తెలిసిన మనిషికి మాత్రం ఇట్టే తెలుస్తాయి.

ఇక్కడ మెర్న్ (మాంగో డీబీ, ఎక్స్‌ప్రెస్, రియాక్ట్, నోడ్) గురించి ఒక మాట. అందులో మొదటి అక్షరం మాంగో డీబీ, అది మంచి డేటాబేసే, 2009 నుంచి ఉంది, దాని పని దానికుంది. కానీ ఇళ్ళు, రోజులు, ధరలు, చెల్లింపులు, ఇవన్నీ ఒకదానితో ఒకటి ముడిపడ్డ లెక్కలు, బజార్లో చిన్న వ్యాపారాల లెక్కలు దాదాపు ఇలాగే ఉంటాయి, వీటికి టేబుల్స్, ఎస్‌క్యూఎల్‌తో నడిచే పోస్ట్‌గ్రెస్‌ లేదా మైఎస్‌క్యూఎల్ సరిగ్గా సరిపోతాయి. నోడ్, రియాక్ట్ నేర్చుకుంటూ డేటాబేస్‌గా పోస్ట్‌గ్రెస్ పెట్టుకోకూడదని ఎక్కడా రాసి లేదు, నాలుగక్షరాల పేరు పలకడానికి బాగుందని కట్టేసుకోవడమే. మాంగో తర్వాత ఎప్పుడైనా నేర్చుకోవచ్చు, ఎస్‌క్యూఎల్ రాకుండా ఇంటర్వ్యూకి వెళ్ళడం మాత్రం ఇబ్బంది.

మరి సర్వర్ వైపు జావానా, నోడా, పైథానా? దీని మీద జరిగినన్ని గొడవలు సినిమా హీరోల మీద కూడా జరిగి ఉండవు. నిజానికి పాల లెక్క మూడిట్లోనూ ఒకేలా అవుతుంది. తేల్చుకోవడానికి యూట్యూబ్ కామెంట్లు కాకుండా ఒక గంట పని చేస్తే సరిపోతుంది: ఉద్యోగం ఏ ఊళ్ళో కావాలో ఆ ఊరు పెట్టి, 0 నుంచి 2 ఏళ్ళ అనుభవం అడిగే ప్రకటనలు ఒక ఇరవై పూర్తిగా చదివి, ఏ పేరు ఎన్నిసార్లు వచ్చిందో కాగితం మీద గీతలు పెట్టుకోవడం. సర్వీస్ కంపెనీలు, బ్యాంకుల ప్రాజెక్టులు అనుకునేవాళ్ళకి జావా, స్ప్రింగ్ బూట్ గట్టిగా కనపడతాయి, స్టార్టప్‌ల వైపు నోడ్, డేటా పని కలిసిన చోట పైథాన్. కాలేజీలో ఇప్పటికే జావా రెండేళ్ళు చదివి ఉంటే ఆ రెండేళ్ళని గంగలో కలపకుండా దాంట్లోనే వెళ్ళడం తెలివి. ఏది ఎంచుకున్నా యాప్ నెట్‌లోకి ఎక్కేదాకా మార్చకూడదు, రెండు పడవల మీద కాళ్ళు పెట్టడం అనేది ఈ రంగంలో జరిగినంతగా ఎక్కడా జరగదు.

నేర్చుకునే సామాను విషయంలోనూ అంతే. ఎండీఎన్ అనే రిఫరెన్స్ ఉంది, బ్రౌజర్ సంగతులకి అంతకంటే నమ్మకమైనది లేదు. ఫ్రీకోడ్‌క్యాంప్ 2014 నుంచి ఉచితం, ది ఓడిన్ ప్రాజెక్ట్ ఉచితం, హెల్సింకీ యూనివర్సిటీ వాళ్ళ ఫుల్ స్టాక్ ఓపెన్ కూడా ఉచితం, అది కాస్త ప్రోగ్రామింగ్ వచ్చినవాళ్ళకి. వీటిలో ఒకటి పట్టుకుంటే చాలు. ఇంగ్లిష్ ఇబ్బందిగా ఉంటే తెలుగులో చెప్పే వీడియో చూసి విషయం పట్టుకుని, తర్వాత అదే టాపిక్ డాక్యుమెంటేషన్ ఒక పేజీ ఇంగ్లిష్‌లో చదవడం అలవాటు చేసుకోవాలి, ఎర్రర్ మెసేజ్ ఎలాగూ ఇంగ్లిష్‌లోనే వస్తుంది. ఇన్‌స్టిట్యూట్‌లో చేరడం కూడా తప్పు కాదు, రోజూ టైంకి కూర్చోబెట్టేవాళ్ళు లేకపోతే కూర్చోని మనుషులు చాలామంది, ఫీజు దానికి అనుకోవచ్చు.

గిట్, అంటే కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ గుర్తుపెట్టుకునే టూల్, అది మాత్రం మొదటి రోజే. లినస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కోడ్ కోసం రాసుకున్నది, ఇప్పుడు అది లేని ఆఫీసు దొరకడం కష్టం. నాలుగైదు కమాండ్లు చాలు మొదట. ఒక జాగ్రత్త, డేటాబేస్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్‌ని గిట్‌హబ్‌లోకి ఎక్కించేసి తర్వాత డిలీట్ చేశాం కదా అనుకుంటారు, పాత కమిట్‌లో (గిట్ దాచిన పాత మార్పులో) అది భద్రంగా ఉంటుంది, పాస్‌వర్డ్ మార్చాల్సిందే.

డాకర్, కుబర్నెటిస్, మైక్రోసర్వీసెస్, గ్రాఫ్‌క్యూఎల్, కాఫ్కా, రిడక్స్, ఇవన్నీ ప్రస్తుతానికి అటక మీద పెట్టొచ్చు. కొత్త పేరు వినపడినప్పుడల్లా ఒక్కటే అడగాలి, పాల లెక్కలో ఏ నొప్పికి ఇది మందు అని. నొప్పి లేకపోతే మందు వద్దు. ఎవరో రాసిపెట్టిన కోడ్ ప్యాకేజీల సంగతి కూడా అంతే, చిన్న పనికల్లా ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల గోదాము) నుంచి ఏదో ఒకటి దింపుకునే అలవాటు పెద్ద పెద్ద టీముల్నే ముంచింది, 2016 మార్చిలో లెఫ్ట్ ప్యాడ్ అనే 11 లైన్ల ప్యాకేజీని రాసినాయన తీసేస్తే ప్రపంచమంతా బిల్డ్‌లు ఆగిపోయాయి.

ఏఐ వచ్చాక ఇదంతా ఎందుకు, అడిగితే అదే రాస్తుంది కదా అనేది 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచీ వినిపిస్తున్న మాట. రాస్తుంది, నిజమే. పాల లెక్క యాప్ అడిగితే రెండు నిమిషాల్లో ఇస్తుంది, చూడటానికి బాగుంటుంది కూడా, కానీ నెల మధ్యలో ధర మారుతుందని, రెండు పూటలా పోస్తారని అడిగినవాడు చెప్పకపోతే దానికి తెలిసే అవకాశం తక్కువ. నేర్చుకునే దశలో దాన్ని కోడ్ రాయమనే కంటే, వచ్చిన ఎర్రర్ పెట్టి ఇది ఎందుకు వచ్చింది అని అడగడం, రాసిన టేబుల్ పెట్టి దీంట్లో ఏ కేసు వదిలేశాను అని అడగడం లాభం. పదేళ్ళ అనుభవం ఉన్న సీనియర్ పక్క సీట్లో కూర్చుంటే ఎలా వాడుకుంటారో అలాగ.

టైం సంగతి కూడా తేల్చుకోవాలి. రోజుకి రెండు గంటలు నిజంగా కూర్చుంటే, ఫోన్ పక్కన పెట్టి, ఇక్కడిదాకా రావడానికి ఆరు నుంచి ఎనిమిది నెలలు అనుకోవచ్చు. మూడు నెలల్లో ఫుల్ స్టాక్ అన్న బోర్డు చూసి తమకే రావట్లేదేమో అని బెంగపడేవాళ్ళు ఉన్నారు, ఆ బోర్డు రాసింది ఫ్లెక్సీ ప్రింట్ చేసేవాడు. ఇంటర్వ్యూలో కూడా నలభై మంది బ్యాచ్‌లో నలభై రెజ్యూమేల మీదా అదే ప్రాజెక్టు కనపడితే అవతలివాళ్ళు అడిగేది ఒక్కటే ఉంటుంది, ‘ఈ బటన్ నొక్కితే లోపల ఏం జరుగుతుందో చెప్పు’ అని. వీడియో చూసి కట్టినవాడు అక్కడ నీళ్ళు నములుతాడు. ధర టేబుల్ ఎందుకు వేరు చేశాడో చెప్పగలిగినవాడు పావుగంట మాట్లాడతాడు.

చివరి మెట్టు యాప్‌ని నెట్‌లోకి ఎక్కించడం, దీన్ని వదిలేసేవాళ్ళే ఎక్కువ, లాప్‌టాప్‌లో నడుస్తోంది కదా అని. లాగిన్ పెట్టాలి, పాస్‌వర్డ్‌ని అలాగే దాచకుండా బీక్రిప్ట్ లాంటి దాంతో హ్యాష్ చేసి, అంటే మళ్ళీ వెనక్కి తిప్పలేని గజిబిజి అక్షరాలుగా మార్చి దాచాలి, ఇంటి నంబరు డబ్బాలో ఎవడైనా ఎస్‌క్యూఎల్ ముక్క టైప్ చేస్తే అది నడవకుండా ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్లు (టైప్ చేసినదాన్ని కమాండ్‌గా కాకుండా ఉత్త డేటాగా పంపే పద్ధతి) వాడాలి. అన్నీ చేసి సర్వర్‌లో పెట్టి, పాలాయన చేతికి ఫోన్ ఇచ్చాక మొదటి ఉదయం ఒక వింత జరుగుతుంది. ఐదింటికి పోసిన ఇళ్ళన్నీ నిన్నటి తారీఖులో పడతాయి, ఆరింటికి పోసినవి ఇవాళ్టి తారీఖులో పడతాయి. లాప్‌టాప్‌లో ఎన్నిసార్లు చూసినా రాని తప్పు ఇది, ఎందుకంటే లాప్‌టాప్ గడియారం మన టైంలో ఉంది, క్లౌడ్ సర్వర్లు మామూలుగా యూటీసీలో (ప్రపంచమంతా ప్రామాణికంగా వాడే సమయంలో) ఉంటాయి, అది మన కంటే ఐదున్నర గంటలు వెనక, అంటే మనకి పొద్దున ఐదు అయ్యేసరికి అక్కడ ముందు రోజు రాత్రి పదకొండున్నర. తేదీని సర్వర్ టైం నుంచి తీసుకోవాలా, ఏ ప్రాంతం టైంలో తీసుకోవాలి, రాత్రి కూర్చుని రెండు రోజుల లెక్క కలిపి ఎక్కించుకునే అలవాటు ఉంటే తేదీ ఆయన్నే ఎంచుకోనివ్వాలా అన్నది తేలేలోపు ఒక వారం పడుతుంది, ఆ వారం ఆయన పాత పుస్తకంలో కూడా రాసుకుంటూనే ఉంటాడు.